ఓపెన్‌లో ఆడిన ఏడాది

మార్చి 8, శనివారం

సంహిత ఇవాళ వంటిల్లు సర్దింది. నాకు వచ్చిన కప్పుల్లో అన్నిటికంటే పెద్దదాన్ని షెల్ఫ్ మీంచి దింపి స్టవ్ పక్కన పెట్టింది. అందులో గరిటెలు, అట్లకాడ, పప్పుగుత్తి. "ఫైనల్లీ దానికో జాబ్ దొరికింది అమ్మా."

రాజేందర్ క్రికెట్ ప్రాక్టీస్ నుంచి వచ్చి చూశాడు. "ఛాంపియన్‌షిప్ కప్పుల పప్పుగుత్తి పెడ్తరా ఎవరన్న?" గరిటెలన్నీ డ్రాయర్‌లో పడేసి కప్పుని మళ్ళీ పైకి ఎక్కించాడు. తండ్రీ కూతుళ్ళు పైకి వెళ్ళగానే నేనే దింపాను. అట్లకాడ చేతికి అందుతోంది. ఇంకేం కావాలి.

మార్చి 9, ఆదివారం

పాట్‌లక్, ఇంటికో వంటకం. రాజేందర్ షరా మామూలే — "మా స్వర్ణ చైనా చదరంగంల అమెరికా ఛాంపియన్. నాలుగుసార్లు." ప్లేనో నుంచి కొత్తగా మా ఆష్‌బర్న్‌కి మారిన ఒకాయన ఎంతో మర్యాదగా, "చైనీస్ చెకర్సా అండీ? మా పిల్లలు గోలీలతో ఆడేవారు" అన్నాడు.

కాదండీ, చదరంగమే, బోర్డు మధ్యలో నది ఉంటుంది, రెండు వైపులా రాజుకి చిన్న కోట ఉంటుంది, ఫిరంగులు కూడా ఉంటాయి... నాకు కంఠతా వచ్చిన పాఠం. పాపం శ్రద్ధగానే విన్నాడు. వినేసి, చేతిలో ప్లేటుతో — "మొత్తం ఎంతమంది ఆడతారండీ ఇందులో?"

"చాలామందే అండీ" అన్నాను.

కార్‌లో వెనక సీట్లోంచి, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా సంహిత — "చాలామంది అంటే లెవెన్ కదా అమ్మా."

రాజేందర్ నవ్వాడు. నేనూ నవ్వాను. ఇల్లు చేరేదాకా మిగతా పదిమంది పేర్లు లెక్కపెట్టుకున్నాను.

మార్చి 10, సోమవారం

పదకొండు మందే. నిజం.

చైనా మూలాలు లేనివాళ్ళకి వేరే విభాగం. వియత్నాం వాళ్ళని కూడా అందులో కలపరు, వాళ్ళూ పుట్టుకతోనే ఈ ఆట నేర్చుకుంటారు. మిగిలిన లోకమంతా కలిపి ఒక చిన్న గది. ఆ గదికి నేను నాలుగుసార్లు రాణిని. పక్కన పెద్ద హాలు ఉంటుంది. అది ఓపెన్. ఎవరైనా ఆడవచ్చు. టీ ఫ్లాస్కులు, గొడవలు, గుంపులు... అసలు ఆట అక్కడ. ఇన్నేళ్ళలో నేను ఆ హాల్లోకి వెళ్ళింది బాత్రూమ్‌కి అదే దారి కాబట్టి.

చల్లని నీళ్ళ పంపు ఒకటి మొరాయించింది ఈరోజు నేను పనిచేసే డేటా సెంటర్‌లో. దాని పక్కన నిలబడి కూడా ఇదే ఆలోచన.

మార్చి 12, బుధవారం

షిఫ్ట్ లేదు. పెద్దవాళ్ళు పొద్దుపుచ్చే సీనియర్ సెంటర్. కిటికీ పక్క బల్ల దగ్గర లూ ఆంటీ, ఎప్పటిలాగే నాకంటే ముందు.

ఇక్కడికి మొదటిసారి వచ్చినప్పుడు సంహితకి ఆరేళ్ళు ఉంటాయేమో. పక్కనే ఉన్న లైబ్రరీలో కథల క్లాసుకి దాన్ని దింపి, ఊరికే కూర్చోలేక ఇటు నడిచాను. లోపల ఠపీ ఠపీమని చప్పుడు. ఎవరో కొట్టుకుంటున్నారనుకున్నా. చూస్తే బోర్డు చుట్టూ ముసలివాళ్ళు, గుండ్రటి చెక్క బిళ్ళల్ని బల్లకేసి కొడుతున్నారు. మధ్యలో ఈవిడ, పొట్టి జుట్టు, మెళ్ళో ఈల. చైనాలో వ్యాయామ టీచరుగా చేసి రిటైర్ అయి కొడుకు దగ్గరికి వచ్చిందట, ఈల మాత్రం వదల్లేదు. అరగంట నిలబడి చూశాను. తల ఎత్తి ఎదుటి కుర్చీ చూపించింది. "సిట్. స్టాండింగ్ పీపుల్ టాక్ టూ మచ్." నేను ఒక్క మాటా అనలేదు. అయినా కూర్చున్నాను. ఇంకా లేవలేదు.

ఇవాళ ఆడుతూ ఆడుతూ అనేశాను, ఈసారి ఓపెన్‌లో ఆడదామనుకుంటున్నా అని. చేతిలో బిళ్ళ అలాగే పట్టుకుని నా మొహం చూసింది.

"యూ విల్ లూజ్."

బిళ్ళని బల్లకేసి కొట్టి — "గుడ్. లూజ్ ప్లెంటీ."

మార్చి 30, ఆదివారం

మే నెలలో జరిగే జాతీయ పోటీకి రిజిస్టర్ చేశాను. ఓపెన్ మీద నొక్కాను. నొక్కాక లేచి వెళ్ళి ఒక గ్లాసు నీళ్ళు తాగాను.

మార్చి 31, సోమవారం

నిర్వాహకుడు స్వయంగా ఫోన్ చేశాడు. పొరపాటున నొక్కారేమో సరిచేస్తానన్నాడు. పొరపాటు కాదన్నాను.

మెల్లగా చెప్పాడు. సెప్టెంబర్‌లో మలేషియాలో ప్రపంచ పోటీ. అమెరికా జట్టులో ఒక సీటు చిన్న గది విజేతది. ఓపెన్ నుంచి వెళ్ళే సీట్లు ఎవరికో ఆయనకి ఇప్పుడే తెలుసు, నాకూ తెలుసు. "మీరు అక్కడ ఆడితే మీ సీటు వదులుకున్నట్టే. మీకు తెలుసుగా."

"తెలుసండీ."

ఇంట్లో ఇంకా చెప్పలేదు.

ఏప్రిల్ 1, మంగళవారం

చెప్పాను. రాజేందర్ ఏప్రిల్ ఫూల్ అనుకున్నాడు. కాదని తెలిశాక చపాతీ పక్కన పెట్టేశాడు.

"మలేషియాకి టికెట్లు బుక్ చేసినం. అక్కడున్న దోస్తు శ్రీనుగాడికి చెప్పిన. వాడు గెస్ట్ రూమ్‌కి పెయింట్ ఏయిస్తున్నడు."

"తెలుసు."

"ఉన్న కుర్చీ ఇడిచిపెట్టి నిలబడ్త అంటవ్. గెలిచేది ఇడిచిపెట్టి ఓడేదానికి పోతరా ఎవరన్న?"

"మీ టీమ్ పై డివిజన్‌కి ఎక్కిన సంవత్సరం ఎన్ని మ్యాచ్‌లు గెలిచారు?"

చపాతీ మళ్ళీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఒక్కటీ గెలవలేదు. ఇప్పటికీ ఎవరొచ్చినా ఆ సీజన్ గురించే చెప్తావు రాజ్. గెలిచిన సీజన్ గురించి ఎప్పుడైనా చెప్పావా?"

లేచి వెళ్ళి గరాజ్‌లో బ్యాట్లు సర్దుకున్నాడు. చాలాసేపు. బ్యాట్లు ఉన్నవి మూడే.

ఏప్రిల్ 2, బుధవారం

పొద్దున్నే టీ తెచ్చిచ్చాడు. కోపం పోయిందో లేదో టీలో తెలుస్తుంది — అల్లం వేశాడు.

"సరే, ఆడు. కానీ నేనైతే మలేషియా పోత. శ్రీనుగాడు పెయింట్ ఏయించిండు."

సంహిత మెట్ల మీంచి — "వెయిట్, నాన్న ఒక్కడే వెళ్తున్నాడా? అమ్మ టోర్నమెంట్‌కి, అమ్మ లేకుండా?"

"ఎవరో ఒకరు ఇంటి తరఫున ఉండాలె కద" అన్నాడు.

ఏప్రిల్ 9, బుధవారం

ఓడాను.

ఏప్రిల్ 16, బుధవారం

ఓడాను. ఆ తర్వాత ఓడాను. మధ్యాహ్నం నేను తెచ్చిన ఆవపెట్టిన పులిహోర తిని, "వెరీ గుడ్" అంది లూ ఆంటీ. ఒక్క క్షణం నా ఆట గురించి అనుకున్నాను.

ఏప్రిల్ 23, బుధవారం

"ఈట్. వై నాట్ ఈట్?"

ఎదుటి పావుని పట్టుకోవడాన్ని వీళ్ళు తినడం అంటారు. రాజమండ్రిలో నాన్నతో మన చదరంగం ఆడేటప్పుడు 'చంపు' అనేవాళ్ళం. నాతో ఇదే చిక్కట. ఎదుటివాడి బంటు నోరు తెరుచుకుని నిలబడినా తినను, దాని వెనక ఏముందో అని ఆలోచిస్తాను. పిలిచి విస్తరి వేసినా మొహమాటపడేదాన్ని. చిన్న గదిలో ఆ మొహమాటంతోనే గెలిచాను, అక్కడ అందరూ నాలాంటివాళ్ళే. పెద్ద హాల్లో చేయి కడుక్కునేలోపు విస్తరి ఎత్తేస్తారు.

ఆవిడ ఈల ఊదింది. నిజంగానే. ఆలోచిస్తున్నందుకు. పేక ఆడుతున్న ముసలాయన ఉలిక్కిపడ్డాడు.

ఏప్రిల్ 30, బుధవారం

తిన్నాను. ఫిరంగిని తిన్నాను, బంటుని తిన్నాను, రథాన్ని తిన్నాను, తిని ఓడిపోయాను. లూ ఆంటీ ఎంత సంతోషించిందో.

మే 4, ఆదివారం

మార్కస్ ఫోన్. బాల్టిమోర్‌లో స్కూలు పిల్లలకి సంగీతం చెప్తాడు. చిన్న గదిలో మూడేళ్ళుగా నా తర్వాతి స్థానం అతనిదే. నేను ఓపెన్‌లో ఆడుతున్నానని విన్నాడట.

"నీకు థాంక్స్ చెప్పాలో తిట్టాలో తెలీడం లేదు స్వర్ణా. మలేషియా నాకు వస్తుంది, నిజమే. కానీ నేను నిన్ను ఓడించి వెళ్దామనుకున్నాను. ఇప్పుడు గెలిచినా అందరూ ఆవిడ లేదు కాబట్టి అంటారు."

ఇది నేను ఆలోచించనే లేదు. నా సీటు నేను వదులుకుంటున్నానని అనుకున్నాను గానీ, అతని గెలుపులోంచి కూడా ఒక ముక్క తీసేస్తున్నానని తోచలేదు.

"పోటీ అయ్యాక మా ఇంటికి రా. ఎన్ని ఆటలు కావాలంటే అన్ని ఆడదాం. ఓడించు" అన్నాను.

"భోజనం ఉంటుందా?"

"ఉంటుంది."

"అయితే తిట్టను."

మే 11, ఆదివారం

జనరేటర్ టెస్ట్. అన్నీ బాగానే పనిచేశాయి. లాగ్‌లో 'గుర్రం' అని రాయబోయి ఆగాను.

మే 21, బుధవారం

గెలిచాను. లూ ఆంటీ మీద. మొత్తం ఆట, శుభ్రంగా.

ఆవిడ బోర్డు వైపు చాలాసేపు చూసింది. ఇన్నేళ్ళలో ఆవిడ ఇచ్చిన ఆటలు గెలిచాను, ఇవ్వని ఆట గెలవలేదు. చివరికి తల ఆడించి, బిళ్ళలన్నీ సంచిలో పోసి — "ఐ యామ్ టైర్డ్ టుడే."

కార్‌లోకి వచ్చి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. పార్కింగ్‌లో ఎవరో చూస్తున్నారు. చూడనీ.

మే 23, శుక్రవారం. ఫిలడెల్ఫియా

నేను డ్రైవ్, పక్కన లూ ఆంటీ, వెనక సంహిత. రాజేందర్‌కి మ్యాచ్‌లు, సోమవారం వస్తాడు. మెమోరియల్ డే సెలవుల ట్రాఫిక్, కారు జరగదు. లూ ఆంటీ ఆవిరి మీద ఉడికించిన రొట్టెలు తెచ్చింది. సంహిత వాటిని చీల్చి మధ్యలో మాగాయ పెట్టి ఇచ్చింది. ఆంటీ కళ్ళ వెంట నీళ్ళు. ఇంకోటి అడిగింది. డెలావేర్ దాటేసరికి సీసాలో సగం లేదు.

సంహిత అడిగింది, "ఆంటీ, మా అమ్మ ఎన్ని గెలుస్తుంది?"

"మే బీ వన్."

"అమ్మా, వన్ ఈజ్ నాట్ జీరో."

మే 24, శనివారం

చైనాటౌన్‌లో కమ్యూనిటీ హాలు. తలుపు దగ్గర ఒక పెద్దాయన ఆప్యాయంగా చేయి పట్టుకుని కారిడార్ చివర చూపించాడు. "ఫారినర్స్ రూమ్ దట్ వే."

చుట్టూ ఫిలడెల్ఫియా. నేను పౌరసత్వం తీసుకుని చాలా కాలమైంది. మార్కస్ తాతముత్తాతలు ఈ దేశంలో పుట్టినవాళ్ళు. అతను నిజంగానే ఆ కారిడార్ చివర, ఫారినర్స్ గదిలోంచి చేయి ఊపుతున్నాడు. నాకు నవ్వు ఆగలేదు.

"నో సర్. ఓపెన్" అన్నాను. ఆయన జాబితాలో నా పేరు వెతికాడు. మళ్ళీ వెతికాడు. దొరికింది.

మొదటి ఆట. ఎదుటాయనకి ఆట మధ్యలో ఫోన్ వచ్చింది, మాట్లాడుతూనే గెలిచాడు. ఓటమి.

రెండోది. ఓటమి. ఇది కొంచెం ఆలస్యంగా.

నాలుగేళ్ళూ నా చీర ఫోటోలు తీసేవాళ్ళు, నా చేతికి పూలగుత్తి ఇచ్చేవాళ్ళు. ఇవాళ ప్యాంటూ షర్టూ, ఎవరూ తల తిప్పలేదు. ఓడిపోయి లేచేసరికి నా కుర్చీలో ఇంకొకడు కూర్చునే ఉన్నాడు. వింతగా ఉంది... బాధ ఉంది, లేదని ఎందుకు రాయాలి. మధ్యాహ్నం బాత్రూమ్‌లో మొహం కడుక్కుని అద్దంలో చూసుకున్నాను. చిన్న గదిలో చప్పట్లు వినిపించాయి. వెళ్ళి చూడలేదు.

మూడోది డ్రా. లూ ఆంటీ సంహితకి ఐస్‌క్రీమ్ కొనిపెట్టింది. నాకు కొనలేదు.

మే 25, ఆదివారం

గెలిచాను. ఓపెన్‌లో. నిన్న 'ఫారినర్స్ రూమ్' చూపించిన పెద్దాయన మీదే.

నా రెండు ఫిరంగులు ఒకదాని వెనక ఒకటి నిలబడ్డాయి. ఫిరంగి తినాలంటే మధ్యలో ఒక పావు ఉండాలి, దాని మీంచి దూకాలి. ముందున్న ఫిరంగే వెనకదానికి మెట్టు. ఆయన రాజు కోటలో కదలలేకపోయాడు. అప్పటిదాకా టీ తాగుతూ ఆడినవాడు ఫ్లాస్కు మూత పెట్టేశాడు. ఇంకెక్కడికీ పోలేనని చూసుకుని, తన రాజుని తీసి నా చేతిలో పెట్టాడు.

"యువర్ టీచర్, హూ?"

లూ ఆంటీని చూపించాను. ఆయన ఆవిడకి తల వంచాడు. ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది, ఏదో ముఖ్యమైన పక్షి వెళ్తున్నట్టు.

తర్వాతిది ఓడాను. సాయంత్రం ఇంకోటి గెలిచాను. సంహిత చేతులూపుకుంటూ — "టూ! ఆంటీ, యూ సెడ్ వన్." లూ ఆంటీ — "ఐ సెడ్ మే బీ."

మే 26, సోమవారం

రాయాలి. వరసగా రాయాలి.

చివరి ఆట జావో గారితో. ఒకప్పుడు చైనాలో ఆటే వృత్తిగా బతికిన మనిషి. ఫ్లైట్ తప్పి శనివారం ఆటలన్నీ పోగొట్టుకున్నాడు, అందుకే నా స్థాయికి జారాడు. జతల జాబితా గోడ మీద అంటించగానే సంహిత నెట్‌లో ఆయన గురించి చదివింది. చదివి ఫోన్ బ్యాగ్‌లో పెట్టేసింది. "అమ్మా, నువ్వు బ్రేక్‌ఫాస్ట్ తిన్నావా?" అంది. అంత ప్రేమగా ఎప్పుడూ అడగదు.

మొదటి గంట నేను బతికే ఉన్నాను. రెండో గంటా బతికే ఉన్నాను. ఆయన కోటు విప్పాడు. పక్క బల్లల వాళ్ళు ఆటలు ముగించుకుని ఒక్కొక్కరే వచ్చి నిలబడుతున్నారు. నాకు నది దాటిన బంటు ఒకటి, గుర్రం ఒకటి. ఆయనకి ఒక ఫిరంగి. ఆయన రాజుని కాచే భటులిద్దరూ కోటలోనే ఉన్నారు. గుర్రం దూకనా, బంటుని పక్కకి జరపనా... తిను, తిను అని లూ ఆంటీ గొంతు చెవిలో, కానీ తినడానికి అక్కడేమీ లేదు. బంటుని జరిపాను.

అక్కడి నుంచి మెల్లగా, మర్యాదగా, ఊపిరి తీసేశాడు. ఓడిపోయాను.

లేవబోయాను. ఆయన లేవలేదు. చేత్తో ఆగమని సైగ చేసి, బిళ్ళల్ని ఒక్కొక్కటే వెనక్కి పెట్టాడు, నేను బంటుని జరిపిన చోటు దాకా. గుర్రాన్ని వేలితో తట్టాడు. "హియర్. జంప్. ఐ హావ్ బిగ్ ప్రాబ్లెమ్."

వెనక నుంచి ఎవరో కాదన్నారు. ఇంకెవరో అవునన్నారు. ఒక చేయి నా భుజం మీంచి వచ్చి ఫిరంగిని జరిపింది. ఇంకో చేయి దాన్ని వెనక్కి పెట్టింది. ఒక్క నిమిషంలో గుంపంతా అరుస్తోంది. చైనీస్‌లో నాకు పావుల పేర్లు తప్ప రావు. గుర్రాన్ని 'మా' అంటారు. మా, మా, మా అని ఇరవై గొంతులు... ఇది మా గుర్రం అని తెలుగులో పోట్లాడుకుంటున్నట్టు. నిన్నటి పెద్దాయన కూడా అందులోనే ఉన్నాడు, బల్ల గుద్దుతున్నాడు. లూ ఆంటీ అందర్నీ తోసుకుని ముందుకొచ్చింది. జావో గారి మొహానికి మూరెడు దూరంలో వేలు ఊపుతూ ఏదో అంటోంది. సంహిత తర్వాత ఎవర్నో అడిగి చెప్పింది — "బంటు కరెక్టే, తప్పు తర్వాత చేసింది, నా స్టూడెంట్ అంత తెలివితక్కువది కాదు" అందట. అన్నేళ్ళలో నా మొహం మీద ఒక్కసారి అనలేదు ఆ మాట. చివరికి ఈల ఊదింది. ఎవరూ ఆగలేదు.

సరిగ్గా అప్పుడు రాజేందర్ వచ్చాడు. పెళ్ళాం కుర్చీలో, చుట్టూ ఇరవై మంది మగవాళ్ళు అరుస్తూ. గుంపుని చీల్చుకుని నా కుర్చీ వెనకకి వచ్చాడు.

"ఏమైంది? ఎవడన్న ఏమన్న అన్నడా?"

"లేదు రాజ్."

"మరెందుకు లొల్లి?"

"నా గుర్రం గురించి."

అర్థం కాలేదు అతనికి. ఎలా అవుతుంది. నాలుగు కప్పులు గెలిచినప్పుడు నా ఆట గురించి ఎవరూ పోట్లాడుకోలేదు. చప్పట్లు కొట్టి, ఫోటో తీసి పంపించేవారు. ఓడిపోయిన నా ఆట చుట్టూ ఇవాళ హాలు మూసేదాకా పోట్లాడారు. వాచ్‌మన్ దీపాలు ఆర్పి వెలిగిస్తే గానీ కదల్లేదు.

స్థానం? కింద నుంచి వెతికితే త్వరగా దొరుకుతాను.

మార్కస్ గెలిచాడు. అతని చేతిలో పూలగుత్తి. నాకు ఒక పువ్వు తీసి ఇచ్చాడు, మిగిలినవి లూ ఆంటీకి.

మే 27, మంగళవారం

పొద్దున షిఫ్ట్. ఎవరికీ చెప్పలేదు. నీళ్ళు చల్లబరిచే చిల్లర్ల చప్పుడులో కూడా మా, మా అని వినిపిస్తోంది.

జూన్ 14, శనివారం

మార్కస్ వచ్చాడు, అన్న ప్రకారం. గుత్తివంకాయ, పప్పుచారు, అప్పడాలు. మొదటి ఆట నేను గెలిచాను. రెండోది అతను. మూడోదీ అతనే. మూడోది గెలిచాక కుర్చీ వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుని కాసేపు ఉన్నాడు.

"ఇది చాలు స్వర్ణా. ఇక వెళ్తాను మలేషియా."

వారం వారం వస్తే లూ ఆంటీ నేనూ కలిసి తయారు చేస్తామన్నాను. రాజేందర్ డైనింగ్ టేబుల్ అవతల నుంచి, "నేను కూడ పోతున్న కద. నన్నేమన్న మేనేజర్ అనుకోవచ్చా?" మార్కస్ చాలా గంభీరంగా లేచి చేయి కలిపాడు.

జూలై 5, శనివారం

మేనేజర్‌కి నియమాలు రావు. ఇంతకాలం ఊరంతా నా గురించి చెప్పి, ఏ పావు ఎలా నడుస్తుందో ఒక్కసారి అడగని మనిషి, ఇవాళ సంహితని కూర్చోబెట్టుకుని నేర్చుకుంటున్నాడు.

"గీ ఏనుగు ఎందుకు నది దాటదు?"

"ఇట్ జస్ట్ డజంట్ నాన్నా."

"ఈత రాదా?"

"నాన్నా."

"మా ఊరి చెరువుల ఏనుగులు ఈదుతయ్ తెలుసా."

"మీ ఊళ్ళో ఏనుగులు లేవు నాన్నా, అమ్మ చెప్పింది."

వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ విన్నాను. కళ్ళ నీళ్ళకి ఉల్లిపాయలే కారణం, నవ్వుకి కాదు.

ఆగస్టు 13, బుధవారం

లూ ఆంటీ మార్కస్‌ని ఓడించి ఓడించి అలసిపోయింది. అతనికీ మొహమాటమే. ఈల మీద ఈల. అతను సంగీతం మాస్టారు కదా, ఈల ఏ స్వరంలో ఉందో చెప్పాడు. ఆవిడకి నచ్చింది. ఇంకోసారి ఊదింది.

సెప్టెంబర్ 13, శనివారం

డల్లెస్ ఎయిర్‌పోర్ట్. మేనేజర్, ఆటగాడు ఇద్దరికీ ఒకే ఫ్లైట్. రాజేందర్ సూట్‌కేసులో శ్రీనుకి ఆవకాయ, మార్కస్‌కి ఆవకాయ. సెక్యూరిటీ దగ్గర వెనక్కి తిరిగాడు.

"నువ్వు పోవాల్సింది స్వర్ణ."

"బాధగా ఉందని చెప్పమంటావా?"

"ఉందా?"

"కొంచెం ఉంది."

తల ఊపాడు. "ఫోటోలు పంపుత. ప్రతి ఎత్తు పంపుత."

తిరిగొచ్చేటప్పుడు సంహిత కారు నడిపింది, లెర్నర్స్ పర్మిట్‌తో. నేను రోడ్డు చూడలేదు. భయంతో కాదు. ఆ హాలు ఎలా ఉంటుందో అనుకుంటూ.

సెప్టెంబర్ 16, మంగళవారం

మార్కస్ ఒకటి గెలిచాడు, ఒకటి ఓడాడు. రాజేందర్ పంపిన ఫోటోల్లో సగం శ్రీను వాళ్ళింటి గెస్ట్ రూమ్ గోడలవి. లేత పసుపు. బాగుంది.

సెప్టెంబర్ 17, బుధవారం

లూ ఆంటీ ఇంట్లో రాస్తున్నాను ఇది. అక్కడ సాయంత్రం ఆట, మనకి పొద్దున. వేడి సోయా పాలు, నేను చేసి తెచ్చిన పెసరట్లు. బల్ల మీద బోర్డు పరిచి, ఫోన్ నిలబెట్టి, రాజేందర్ ఫోటో పంపినప్పుడల్లా బిళ్ళలు జరుపుతున్నాం. మార్కస్ నలుపు. ఎదుట జర్మనీ అమ్మాయి, పోయినేడు రెండో స్థానం. ఇది గెలిస్తే మార్కస్ మొదటి ముగ్గురిలో ఉంటాడు.

మొదట్లో ఫోటోలు సరిగ్గా వచ్చాయి. తర్వాత ఒకటి తలకిందులుగా. తర్వాత రాజేందర్ గుసగుసగా ఫోన్, హాల్ బయటి నుంచి —

"స్వర్ణ, మనోడు ఫిరంగిని మధ్యల తెచ్చి పెట్టిండు. ఎదురుగ బంటు ఉంది. దాని మీంచి దుంకొచ్చు కద?"

"వెనక ఏముంది?"

"వెనక... ఆ పొల్ల రథం ఉంది."

మొత్తం సరిగ్గా చూశాడు. ఇన్నేళ్ళకి.

"దుంకొచ్చు రాజ్."

"దుంకితే?"

"ఫోటో పంపు."

పంపాడు. మేమిద్దరం బోర్డు మీద వంగాం. తింటే రథం వస్తుంది, నిజమే. కానీ తర్వాత ఆ అమ్మాయి గుర్రం కోట మీద పడుతుంది. నేను తినమంటాను. లూ ఆంటీ వద్దంటోంది, మొదటిసారి, ఇన్ని బుధవారాల్లో మొదటిసారి తినొద్దంటోంది. "వెయిట్. ఫస్ట్, కింగ్ మూవ్." నేను కాదన్నాను. గొంతు పెరిగింది నాది. ఆవిడదీ పెరిగింది. ఆవిడ కోడలు తలుపు తీసి చూసి మళ్ళీ వేసేసింది.

మళ్ళీ మెసేజ్ — "మనోడు ఎత్తు ఎయ్యనీకి చెయ్యి లేపిండు. ఇంకా ఏ పావు మీదా పెట్టలె."

అది వచ్చి చాలాసేపైంది. సోయా పాలు చల్లారిపోయాయి. లూ ఆంటీ చెయ్యి రాజు మీద ఉంది, నాది ఫిరంగి మీద. ఫోటో ఇంకా రాలేదు.